కుక్కపిల్లల్ని సాకిన బాలింత కథ గ్రాఫిక్ నవల అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నరసన్నపేట దగ్గర పుట్టింట్లో పురుడు పోసుకున్నారు. పాపకి నెల దాటగానే, మీ పశువుల సాలలో పిల్లల్ని పెట్టిన వీధికుక్క హైవే మీద లారీ కింద పడి చనిపోయింది. ఐదు రోజుల పిల్లలు నాలుగు మిగిలాయి. ఒక పక్క పాపకి పాలిస్తూ ఇంకో పక్క వాటిని సాకారు. మూడు బతికాయి, ఒకటి పోయింది. ఇప్పుడు పాపకి ఏడు నెలలు. ఇదంతా గ్రాఫిక్ నవలగా, అంటే బొమ్మల గడుల్లో నడిచే కథగా, గీయాలని ఉంది, బొమ్మలు వచ్చు గానీ పుస్తకం ఎప్పుడూ చేయలేదు. అమ్మతనం, కుక్కపిల్లలు రెండూ ఒకే పుస్తకంలో ఇముడుతాయా, కుక్కల చేత మాట్లాడించాలా, పోయిన పిల్లని చూపించాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. "కుక్కల కథ ఎవరు చదువుతారే" అని ఇంట్లో అంటున్నారని కూడా రాశారు.

ఇముడుతాయి. కుక్కల చేత మాట్లాడించకండి. పోయిన పిల్లని తప్పకుండా చూపించండి. మొదలు మాత్రం కథ మొదటి నుంచి కాదు, ఒక్క రాత్రి నుంచి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది: కుక్కపిల్లని మీ పాపకి పోలికగా వాడకండి. ఆ నెలల్లో మీ చేతులు ఏం పని చేశాయో అది గీయండి. ఎందుకో చెప్తాను.

నాది విజయనగరం. ఇరవై రెండేళ్లుగా పిల్లల పుస్తకాలకి, పత్రికలకి బొమ్మలు వేస్తున్నాను. నా సొంత గ్రాఫిక్ నవలలు రెండు వచ్చాయి. మొదటిది దాదాపు మీ కథే, బాలింత రోజుల్లో నేను సాకిన కుక్కపిల్లల గురించి. రెండోది తేలినీలాపురం పక్షుల మీద. ఈ రెండో పుస్తకంలో చేసిన తప్పు ముందు చెప్పాలి, ఎందుకంటే మీరు రాసిన కథాసారంలో అదే తప్పు తొంగిచూస్తోంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఊళ్లో వాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. నాకు అది ఎంత నచ్చిందంటే, పుస్తకం మొత్తం ఆ ఒక్క పోలిక మీద నిలబెట్టాను. ప్రతి గూటిలో ఒక తల్లి, ప్రతి పేజీలో ఒక అమ్మ ముఖం. ముప్పై పేజీలు అయ్యాక ఆ ఊళ్లోనే ఒక ముసలావిడకి చూపించాను. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి, "ఏటమ్మా, అన్నీ తల్లులేనా? తండ్రి ఏటి సేత్తన్నాడు మరి?" అంది.

నిజమే. గూడబాతుల్లో, అంటే ఈ పెలికాన్లలో, ఆడా మగా ఇద్దరూ గుడ్లు పొదుగుతాయి, ఇద్దరూ పిల్లల్ని మేపుతాయి. దూరం నుంచి చూస్తే ఏది ఏదో పోల్చుకోలేం. నేను అమ్మ అనుకుని గీసిన పక్షుల్లో సగం నాన్నలే అయ్యుండొచ్చు. నా మనసులో ఉన్న అమ్మని పక్షి మీద రుద్దాను తప్ప పక్షిని చూడలేదు. ఆ ముప్పై పేజీలూ పక్కన పెట్టి మళ్లీ గీశాను. రెండోసారి వెళ్లినప్పుడు గూటి ఎదురుగా గంటల తరబడి కూర్చున్నాను. పిల్ల తన తలని మెడదాకా పెద్దపక్షి గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. ఒక్క క్షణం చూస్తే పెద్దది పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఆ బొమ్మ నా ఊహలోంచి ఎన్నటికీ వచ్చేది కాదు. ఇప్పుడు ఆ పుస్తకంలో పాఠకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్న పేజీ అదే.

ఇంకో మాట. ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన జిల్లాలో అందరం అనుకుంటాం, చిన్నప్పుడు నేనూ అదే విన్నాను. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. సైబీరియాలో ఉండదు. కథలో ఒక పాత్ర అలా అనొచ్చు, ఊళ్లో అనే మాటే కాబట్టి. పుస్తకం తన గొంతుతో ఆ మాట చెప్పకూడదు. ఈ తేడా మీకు అడుగడుగునా పనికొస్తుంది. పాత్ర పొరపాటు పడొచ్చు, పుస్తకం పడకూడదు.

సముద్రపు తాబేలు దగ్గర కూడా ఇదే నేర్చుకున్నాను. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, వంద గుడ్లకి అటూ ఇటూగా పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ దాన్ని అదిమి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతాయి. ఆ గుడ్ల దగ్గరికి ఇక తిరిగి రావు. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వాటంతటవే పైకొచ్చి సముద్రం దారి పడతాయి. గుడ్లు పెడుతుంటే దాని కళ్లలోంచి నీళ్లు కారతాయి. నా పక్కనున్నావిడ "ఏడుస్తంది సూడు, పిల్లల్ని వదిలేసి పోతన్నానని" అంది, నా కళ్లూ తడిశాయి. కానీ అది ఒంట్లో ఎక్కువైన ఉప్పుని బయటికి పంపే నీరు. సముద్రంలో ఉన్నా అలాగే కారుతుంది. ఆ పేజీలో ఆవిడ మాటని మాటల బుడగలో ఉంచాను. తాబేలు కన్ను మాత్రం కన్నులాగే గీశాను, ఏడుపు కనుబొమలు పెట్టలేదు.

మీ కుక్కల చేత మాట్లాడించొద్దని అన్నది అందుకే. చిన్నపిల్లల పుస్తకంలో కుక్క మాట్లాడితే ముచ్చటగానే ఉంటుంది. మీది పెద్దవాళ్లు చదివే పుస్తకం. తల్లి లేని పిల్ల "అమ్మా" అని పిలిచిన మరుక్షణం అది కుక్కపిల్ల కాదు, మీ దిగులుకి వేసిన వేషం. దాని భాష దానికి ఉంది. ఆకలేసినప్పుడు ఒక కూత, చలేసినప్పుడు వేరే కూత. కడుపు నిండితే నిద్రలోనే కాళ్లు తంతుంది. మీరు ఇవన్నీ విన్నారు, చూశారు. వాటిని గీయండి.

ఇప్పుడు చేతుల సంగతి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, అయినా చెప్తాను.

మా అబ్బాయికి నాలుగో నెల అప్పుడు, మా సందులో తల్లికుక్క చచ్చిపోతే దాని పిల్లలు నాలుగింటిని తెచ్చుకున్నాను. కళ్లు కూడా తెరవలేదు. నాకేమీ తెలియదు. మా బాబుని ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టే కుక్కపిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, సిరంజితో ఆవుపాలు పట్టాను. ముక్కులోంచి పాలు వచ్చాయి. తుడిచి మళ్లీ పట్టాను. రాత్రికి గురగుర మొదలైంది, తెల్లారేసరికి పోయింది. తర్వాత పశువుల డాక్టరు గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. కుక్కపిల్ల బోర్లా పడుకునే తాగాలి, తల్లి దగ్గర తాగినట్టే. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆవుపాలలో కుక్కపాలంత కొవ్వూ మాంసకృత్తులూ ఉండవు, విరేచనాలూ పట్టుకుంటాయి. కుక్కపిల్లలకని విడిగా అమ్మే పాలపొడి వాడాలి. చల్లబడిన పిల్లకి ముందు వెచ్చదనం ఇవ్వాలి, ఆ తర్వాతే పాలు. చల్లగా ఉన్న పిల్లకి పాలు అరగవు. మొదటి వారంలో రెండు మూడు గంటలకోసారి పట్టాలి. ఇంకా, మొదటి రెండు మూడు వారాలు అవి సొంతంగా ఉచ్చ కూడా పోయలేవు. తల్లి నాకితేనే పోస్తాయి. తల్లి లేకపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మనం తుడవాలి.

ఇదంతా గ్రాఫిక్ నవల గురించి అడిగిన మీకు ఎందుకు చెప్తున్నానంటే, మీ పుస్తకం చదివినావిడ రేపు మీరు గీసినట్టే చేస్తుంది. తల్లి లేని కుక్కపిల్ల దొరికిన మనిషికి అర్ధరాత్రి గుర్తొచ్చేది ఎక్కడో చూసిన బొమ్మే. మనకి కాలెండర్లలో, సినిమాల్లో కనిపించేది వెల్లకిలా పడుకుని సీసా తాగే కుక్కపిల్లే. నేనూ ఆ బొమ్మనే చూసి చేశాను. అందుకని మీ పేజీలో పిల్ల బోర్లా ఉండాలి, తల కొంచెం మాత్రమే పైకి ఉండాలి, మీ చెయ్యి దాని గడ్డం కింద ఉండాలి. దూదితో తుడిచే పని ఒక పూర్తి పేజీకి తగ్గది. ఒక తల్లి నాలుక చేసే పని మీ రెండు వేళ్లు చేశాయి. అమ్మతనం గురించి పది పేజీల మాటలు చెప్పలేనిది ఆ ఒక్క బొమ్మ చెప్తుంది, కింద వాక్యం కూడా అక్కర్లేదు.

చేతులు గీయడం కష్టం, ఒప్పుకుంటాను. మన శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు, మనందరి వపా, చందమామకి వేసిన ముఖచిత్రాలు సంపాదించండి. నేను వాటిని ముందు పెట్టుకుని కేవలం చేతులే నెలల తరబడి కాపీ చేశాను. ఆ తర్వాత మీ చేతుల్నే ఫోన్‌లో ఫొటో తీసుకుని గీయండి. గాజులు వెనక్కి తోసుకుని, గోళ్లు కత్తిరించుకుని ఉన్న బాలింత చేతులు. అందంగా ఉండనక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క రాత్రి తీసుకోండి. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. మీ ఇంట్లో రెండు గడియారాలు నడిచాయి: పాప ఆకలి గడియారం, కుక్కపిల్లల గడియారం. పేజీకి ఆరు గడులు, అన్నీ ఒకే సైజు, అన్నిట్లో అదే గది, అదే మంచం, అదే అట్టపెట్టె. చూసే చోటు మార్చకండి. మారేది మీరు ఎటు తిరిగి కూర్చున్నారు అన్నది మాత్రమే. ఒక గడిలో పాప వైపు, తర్వాతి గడిలో పెట్టె వైపు, ఇంకో గడిలో కూర్చునే నిద్రపోతూ. రెండూ ఒక పుస్తకంలో ఇముడుతాయా అన్న మీ అనుమానానికి ఆ పేజీయే జవాబు. ఆ రాత్రి మీ ఒంట్లో అవి విడివిడిగా లేవు కదా.

ముందు చిన్న చిత్తుబొమ్మలే. ఏఫోర్ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి, ఒక్కో మడతలో ఒక పేజీ, గీతల మనుషులతో. పాప నిద్రపోయే అరగంటలో ఒక మడత అవుతుంది. మంచి కాగితం, ఇంకు, టాబ్లెట్ ఇప్పుడే కొనకండి. చిత్తుబొమ్మలతో పుస్తకం చివరిదాకా వెళ్లాకే అసలు పేజీ మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోయిన పుస్తకాలు చాలావరకు మొదటి పది పేజీలు మరీ అందంగా గీసుకుని అలసిపోయినవే.

మాటల విషయానికొస్తే, మన యాస ఉంచండి. "ఏమిటి" అని మీ అమ్మగారు జన్మలో అనుండరు, "ఏటి" అనే అనుంటారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లా మనిషి. మనమే బుడగల్లో పుస్తక భాష రాస్తే ఏం బాగుంటుంది? అలాగని ప్రతి అక్షరం యాసలో వంచొద్దు, బయటి పాఠకుడు ఆగి ఆగి చదవాల్సొస్తుంది. మనుషుల మాటల్లో యాస ఉండనీయండి, మీ గొంతుతో వచ్చే వాక్యాలు మామూలు తెలుగులో రాయండి. బుడగ గీశాక మాటలు ఇరికించకండి, ముందు మాటలు రాసి వాటి చుట్టూ బుడగ గీయండి. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ మనం అనుకున్నదాని కంటే ఎక్కువ కావాలి. కంప్యూటర్‌లో అయితే గిడుగు, గురజాడ అనే పేర్లతోనే ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. చేత్తో రాయగలిగితే మాత్రం ఈ కథకి అదే నా ఓటు.

మీరు అడగనిది ఒకటి. మీ కథాసారంలో మీ నాయనమ్మ "పచ్చి బాలింత కుక్కల్ని ముట్టుకోకూడదు" అని రోజూ తిడుతుంది. ఆవిడని చెడ్డమనిషిని చేయకండి. ఆవిడ మాటలో భయం ఉంది, ఆ భయానికి కొంత కారణం కూడా ఉంది. కుక్కపిల్లల కడుపులో నులిపురుగులు ఉంటాయి, అవి మనుషుల పిల్లలకీ అంటుకోగలవు. రెండు వారాల వయసు నుంచే వాటికి పురుగుల మందు వేయించాలి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునే పాపని ఎత్తుకోవాలి. పన్ను గాటో గోరు గీతో పడితే పావుగంట సబ్బు నీళ్లతో కడిగి, టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. మీరు ఇవి చేసే ఉంటారు. అవీ గీయండి. నూతి దగ్గర మీరు చేతులు కడుక్కుంటుంటే నాయనమ్మ చెంబుతో నీళ్లు పోస్తున్న బొమ్మ ఒకటి ఊహించుకోండి. నోటితో తిడుతూనే ఉంటుంది, నీళ్లూ పోస్తూనే ఉంటుంది. కాయం ముద్ద తినిపించేదీ, సాంబ్రాణి పొగ వేసేదీ ఆవిడే కదా. మిమ్మల్ని సాకుతున్న చేతులు కూడా ఆ పుస్తకంలో ఉండాలి.

ఇంటిల్లిపాదినీ ఒకేసారి చూపించాల్సిన చోట సవర గిరిజనుల ఇళ్లలో గోడబొమ్మలు గుర్తుచేసుకోండి. ఎర్రమట్టి గోడ మీద తెల్లని బియ్యప్పిండితో ఒక పెద్ద చట్రం, అందులో మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యచంద్రులు అందరూ. ఒక గడి తర్వాత ఇంకో గడి అని కాకుండా ఒకే గడిలో లోకమంతా పడుతుంది. ఆ అమరిక నుంచి నేర్చుకోవచ్చు. బొమ్మల్ని మాత్రం ఎత్తి మీ పేజీలో అలంకారంగా పెట్టకండి, అవి వాళ్ల పూజకి సంబంధించినవి.

ఒకవేళ మీ కథలోకి అడవి జంతువు ఏదైనా వస్తే జాగ్రత్త. రామచిలకని పంజరంలో పెంచడం కూడా మన దేశంలో నేరమే. దెబ్బతిన్న కొంగపిల్లో తాబేలుపిల్లో దొరికితే అటవీశాఖ వాళ్లకి కబురు పెట్టే మనిషిని గీయండి, ఇంట్లో పెట్టుకునే మనిషిని కాదు.

పాప గురించి. ఆమె పెద్దయ్యాక ఈ పుస్తకం చదువుతుంది. అసలు పేరు పెట్టకండి. నేను మా అబ్బాయిని పుస్తకమంతా వెనక నుంచో, దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాలుగానో గీశాను. పాలిస్తున్న బొమ్మ వేయాలా అని మొహమాటపడ్డారు. వేయండి, అది లేకుండా ఈ కథ లేదు.

ఆ రోజులు గీస్తుంటే అప్పటి దిగులంతా మళ్లీ పైకొస్తుంది, నాకు వచ్చింది. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పాపని చూసినా ఏమీ అనిపించకపోవడం రోజుల తరబడి ఉంటే గీయడం ఆపి డాక్టరు గారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పుస్తకం ఎక్కడికీ పోదు.

అచ్చు సంగతి ఇప్పుడే టెన్షన్ పడకండి. పేజీల లెక్క పదహారు గుణిజాల్లో ఉంటే మంచిది, ప్రెస్సు వాళ్లు ఒకేసారి అచ్చువేసే కాగితం, అంటే ఫారం, లెక్క అలాగే వస్తుంది. మొదటి పుస్తకానికి 64 చాలు. నలుపు తెలుపులో చేయండి. నా మొదటి పుస్తకంలో రాత్రి పేజీలన్నీ పల్చటి బూడిద రంగు వాష్‌లో, అంటే నీళ్లు కలిపిన రంగు పూతలో, వేశాను, ప్రెస్సులో అది నల్లగా ముద్దకట్టి గదిలో ఏముందో కనపడకుండా పోయింది. ముందు నాలుగు పేజీలు నమూనా తీయించి చూసుకోండి.

ఇక పోయిన పిల్ల.

చూపించాలి. కాకపోతే చావుని గీయాలని కూర్చోకండి. నేను మూడుసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ అబద్ధంలా వచ్చింది. చివరికి ఆ తెల్లవారుజామున నేను నిజంగా చూసినదే గీశాను. అట్టపెట్టె, అందులో మా అమ్మ పాత చీర ముక్క, వేడినీళ్ల సీసా. నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి. రెండో గడిలో నా చెయ్యి ఒకదాన్ని పైకి తీస్తోంది. మూడో గడిలో అది పడుకున్న చోటు, చీర మీద చిన్న గుంట. నాలుగో గడిలో మిగతా మూడూ ఆ వెచ్చని చోట్లోకి జరిగి పడుకున్నాయి. నిమిషం కూడా పట్టలేదు. ఆ పేజీలో ఒక్క మాట కూడా పెట్టలేదు.

మీ నాలుగో పిల్లని ఎక్కడ పాతిపెట్టారో మీరు రాయలేదు. రేపు పాప నిద్రపోయాక ఆ చోటు గీయండి. పక్కన ఏ చెట్టు ఉందో, గొయ్యి ఎవరు తవ్వారో, అప్పుడు పాప ఎవరి చంకలో ఉందో. అయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.